మెయిల్ పంపకపోయినా ఎంతమంది వచ్చేవాళ్లు? ఎంబీఏ క్లాసులో మార్కెటింగ్ అనలిటిక్స్

మార్కెటింగ్ అనలిటిక్స్ మొదటి క్లాసులో నేను బోర్డు మీద ఒకే ఒక్క అంకె రాస్తాను: 18.3 శాతం. ఒక కంపెనీ తన పాత కస్టమర్లకు ఈమెయిల్ పంపింది, అందుకున్నవాళ్లలో 18.3 శాతం మంది రెండు వారాల్లోపు వెబ్‌సైటుకు వచ్చారు, మెయిల్ పనిచేసినట్టేనా అని అడుగుతాను. "పనిచేసింది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. అప్పుడు దాని పక్కనే ఇంకో అంకె రాస్తాను: 10.6 శాతం. అదే కంపెనీ, అవే రెండు వారాలు. మెయిల్ అసలు పంపని కస్టమర్లలో సైటుకు వచ్చినవాళ్లు వీళ్లు. అందరూ నోట్సు రాయడం ఆపి బోర్డు వైపు చూస్తారు.

మెయిల్ తెచ్చింది 18.3 కాదు, 7.7 మాత్రమే. మిగతావాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే. ఈ ఒక్క తీసివేత ఒంటబట్టాక మిగతా సబ్జెక్టు నేర్పడం పెద్ద కష్టం కాదు. ఇది ఒంటబట్టకుండా ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్పినా, పిల్లల చేతికి తప్పుడు జవాబుల్ని ఇంకాస్త వేగంగా తయారుచేసే యంత్రాన్ని ఇచ్చినట్టే అవుతుంది.

ఒక పేరు, మూడు పనులు

ఈ సబ్జెక్టు చుట్టూ ఇంత గందరగోళం ఎందుకంటే, మూడు వేరువేరు పనుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం. మొదటిది లెక్క తీయడం. డేటా తెచ్చుకుని, చెత్త ఏరేసి, కూడికలు, సగటులు, పట్టికలు తయారుచేయడం. రెండోది ఆ లెక్కను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం. అమ్మకం పెరిగింది మన ప్రకటన వల్లా, పండగ వల్లా, లేక ఊరికే అలా కలిసొచ్చిందా? మూడోది డబ్బు నిర్ణయం. వచ్చే నెల దేని మీద ఎంత పెట్టాలి, దేన్ని ఆపేయాలి?

ఉద్యోగ ప్రకటనల్లో కనబడేవి మొదటి పనికి కావలసిన పనిముట్ల పేర్లే: ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్, గూగుల్ అనలిటిక్స్. పిల్లలు వాటినే చూస్తారు, తల్లిదండ్రులు వాటి గురించే అడుగుతారు, కాలేజీలు వాటికే వర్క్‌షాపులు పెడతాయి. తీరా క్యాంపస్ ఇంటర్వ్యూలో "ఈ డ్యాష్‌బోర్డు చూశావు కదా, ఇప్పుడు మమ్మల్ని ఏం మార్చమంటావు?" అని అడిగితే, సర్టిఫికెట్లు దండిగా ఉన్న కుర్రాడు కూడా గ్రాఫులో ఏముందో చదివి వినిపిస్తాడు తప్ప జవాబు చెప్పలేడు. మొదట్లో నేనూ పనిముట్లతోనే మొదలుపెట్టేవాణ్ణి. ఆ బ్యాచీల పిల్లలు ఇంటర్వ్యూల నుంచి తిరిగొచ్చి చెప్పింది విన్నాకే క్రమం తిరగేశాను. రెండో పని ముందు, మూడోది దాని వెంట, మొదటిది ఆ రెంటికీ కావలసినంత మేరకు.

64,000 మంది, మూడు గుంపులు

బోర్డు మీద రాసిన అంకెలు కల్పితం కావు. కెవిన్ హిల్‌స్ట్రామ్ అనే అమెరికన్ మార్కెటింగ్ కన్సల్టెంట్ 2008లో అందరికీ అందుబాటులో పెట్టిన డేటాలోవి. గత పన్నెండు నెలల్లో ఏదో ఒకటి కొన్న 64,000 మంది కస్టమర్లు అందులో ఉన్నారు. వాళ్లను చీటీలు తీసినట్టుగా మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి మగవాళ్ల బట్టల మెయిల్ (బోర్డు మీది 18.3 వీళ్లదే), ఇంకో భాగానికి ఆడవాళ్ల బట్టల మెయిల్ వెళ్లాయి. మూడో భాగానికి ఏమీ పంపలేదు. తర్వాత రెండు వారాలు ఎవరు సైటుకు వచ్చారు, ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు అని నమోదు చేశారు. ఎక్సెల్‌లో తేలిగ్గా తెరుచుకునే ఫైలే. ఒక పివోట్ టేబుల్, అంటే గుంపులవారీగా లెక్క తేల్చే పట్టిక, వేస్తే చాలు, కథంతా బయటపడుతుంది.

మెయిల్ అందని 21,306 మందిలో 122 మంది కొన్నారు. మగవాళ్ల బట్టల మెయిల్ అందిన 21,307 మందిలో 267 మంది, ఆడవాళ్ల బట్టల మెయిల్ అందిన 21,387 మందిలో 189 మంది కొన్నారు. గుంపులో ఉన్న అందరి మీదా సగటు తీస్తే, మెయిల్ లేనివాళ్ల ఖర్చు తలకు 65 సెంట్లు, మగవాళ్ల బట్టల మెయిల్ అందినవాళ్లది 1.42 డాలర్లు, ఆడవాళ్ల బట్టల మెయిల్ అందినవాళ్లది 1.08 డాలర్లు.

మగవాళ్ల బట్టల మెయిల్ ఎంత అమ్మకం తెచ్చిందో చెప్పమంటాను. చాలామంది 1.42ని 21,307తో హెచ్చించి, దాదాపు 30 వేల డాలర్లని రాస్తారు. ఏ మెయిలూ లేని 65 సెంట్లను తీసేసి చూస్తే తలకు 77 సెంట్లు, మొత్తం 16 వేల డాలర్ల పైచిలుకు. అంటే మొదటి జవాబులో సగానికి కాస్త తక్కువ భాగం, మెయిల్ లేకపోయినా గల్లాపెట్టెలో పడే డబ్బే. మార్కెటింగ్ విభాగం ఆ డబ్బును తన ఖాతాలో రాసుకుంటే, ఆ లెక్కను చూసి పై వాళ్లు వచ్చే ఏడాది బడ్జెట్ పెంచేస్తే, ఆ తప్పు ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. ఎవరూ అబద్ధం ఆడి ఉండరు. తీసివేయాల్సింది తీసివేయలేదు, అంతే.

ఇక్కడ పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, వాళ్లు అడిగేదాకా నేను ముందుకు వెళ్లను. "ఈ మూడు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి మనకున్న హక్కేమిటి?" చీటీలు తీశారు కాబట్టి. బాగా కొనేవాళ్లు, అరుదుగా కొనేవాళ్లు, పట్నంవాళ్లు, పల్లెవాళ్లు మూడు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకే పాళ్లలో పడ్డారు. మెయిల్ ఒక్కటే తేడా. అలా కాకుండా, మామూలుగా జరిగేటట్టు "మంచి కస్టమర్లకే పంపుదాం" అని ఏరి పంపి ఉంటే, ఆ మంచి కస్టమర్లు మెయిల్ లేకపోయినా ఎక్కువే కొనేవాళ్లు. మా యాప్ వాడేవాళ్లు వాడనివాళ్ల కంటే ఎక్కువ కొంటున్నారు, కాబట్టి అందరి చేతా యాప్ వేయించండి అని కంపెనీలు సేల్స్‌వాళ్ల వెంటపడేది ఈ పొరపాటు వల్లే. యాప్ వేసుకున్నందుకు ఎక్కువ కొంటున్నారో, ఎక్కువ కొనేవాళ్లే యాప్ వేసుకున్నారో ఆ అంకె చెప్పదు.

ఈ సంగతి రైతుల పిల్లలకు పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది. కొత్త విత్తనం కాలువ పక్క మడిలో వేసి, పాత విత్తనం శివారు మడిలో వేసి, కొత్తదే బాగా పండిందంటే ఏ రైతూ ఒప్పుకోడు. నీళ్ల తేడా అంటాడు. రోనాల్డ్ ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్తకు చీటీల పద్ధతి తట్టింది కూడా పొలంలోనే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920లలో ఆయన చేసిన పని, ఏ మడిలో ఏ ఎరువు వేయాలో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీకి వదలడం. ఈనాడు పెద్ద కంపెనీలు 'ఏ/బీ టెస్టు' అంటున్నది దాన్నే. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసినవాడు మన కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్.రావు). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చదివి, 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మనిషి. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. మా పిల్లలకు ఆయన పేరు పోటీ పరీక్షల బిట్టుగానే తెలుసు. ఆయన జీవితమంతా గడిపిన శాస్త్రమే తాము రేపు ఉద్యోగంలో చేయబోయే పనికి పునాది అని చెబితే, వాళ్ల ముఖాల్లో కనిపించే ఉత్సాహం నాకు ఎంతో విలువైనది.

రూపాయి బిళ్ల ప్రయోగం

మన దగ్గర 64,000 మంది ఎక్కడ దొరుకుతారు? మా పిల్లలు ప్రాజెక్టు చేసేది టౌన్‌లోని బట్టల షాపులో, మెడికల్ షాపులో, బేకరీలో. షాపు ఫోన్లో నాలుగొందల మంది కస్టమర్ల నంబర్లున్నాయనుకుందాం. చీటీలు తీసి రెండు వందల మందికి వాట్సాప్ మెసేజ్ పంపాం, రెండు వందల మందికి పంపలేదు. వారం రోజుల్లో మొదటి గుంపులో 14 మంది, రెండో గుంపులో 10 మంది కొన్నారు. మర్నాడు క్లాసులో స్లైడు సిద్ధం: "మెసేజ్ వల్ల కొనేవాళ్లు 40 శాతం పెరిగారు." పది నుంచి పద్నాలుగుకు 40 శాతమే, కూడికల్లో తప్పేమీ లేదు.

ఇక్కడ నేను ఫార్ములా రాయను. ఒక్కొక్కరినీ రూపాయి బిళ్ల తీయమంటాను. కొన్నవాళ్లు మొత్తం 24 మంది. మెసేజ్‌కు ఏ ప్రభావమూ లేదనుకుంటే, ఆ 24 మందిలో ప్రతి ఒక్కరూ ఈ గుంపులో పడ్డారా ఆ గుంపులో పడ్డారా అన్నది బొమ్మా బొరుసులాంటిదే. కాబట్టి 24 సార్లు ఎగరేసి ఎన్ని బొమ్మలు, ఎన్ని బొరుసులు పడ్డాయో రాయండి అంటాను. కాసేపు క్లాసంతా బిళ్లల చప్పుడు, బెంచీల కింద వెతుకులాట. తర్వాత 10–14 గానీ, అంతకంటే ఎక్కువ తేడా గానీ ఎంతమందికి వచ్చిందో చేతులెత్తమంటాను. సుమారుగా సగం చేతులు లేస్తాయి. లెక్క వేస్తే దాని అవకాశం 54 శాతం. ఎవరికీ ఏ మెసేజూ పంపని రూపాయి బిళ్ల కూడా సగానికి పైగా సార్లు అంత తేడా చూపిస్తుందన్నమాట.

అదే కొలతతో ఇందాకటి డేటాకు తిరిగి వెళ్తాం. 122కి 267. మొత్తం 389 సార్లు బిళ్ల ఎగరేస్తే బొమ్మలు 195 దరిదాపుల్లో పడతాయి, మహా అయితే ఇరవై అటూ ఇటూ. 267 పడడం మన జీవితకాలంలో చూడబోం. ఆ రెండు సందర్భాల మధ్య తేడా కళ్లారా చూశాక, స్టాటిస్టిక్స్ పేపర్లో బట్టీపట్టిన పీ-వాల్యూ అంటే ఏమిటో నేను చెప్పే పని ఉండదు. వాళ్లే చెబుతారు: "ప్రభావం ఏమీ లేకపోయినా ఇంత తేడా రావడానికి ఎంత అవకాశముందో అదే కదా సార్."

మరి చిన్న షాపు ఏం చేయాలి? ఒక్క వారం ఫలితంతో ఊగిపోకుండా, అదే ప్రయోగం నాలుగైదు సార్లు చేసి అంకెలు కలిపి చూడాలి. లేదా కొనుగోలు కంటే తరచుగా జరిగేదాన్ని, అంటే ఫోన్ చేసి ధర అడగడాన్నో, షాపుకొచ్చి చూసి వెళ్లడాన్నో లెక్కపెట్టాలి. ఇంకో మెలిక ఉంది, ఇది షాపులో కూర్చుంటేనే తెలుస్తుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టిన మెసేజ్, షాపు నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. నంబరు సేవ్ చేసుకున్నవాళ్లంటే ముందే షాపుకు దగ్గరైనవాళ్లు. "మెసేజ్ చేరినవాళ్లు", "చేరనివాళ్లు" అని విడదీసి పోలిస్తే మళ్లీ మొదటికే వస్తాం. పోల్చాల్సింది చీటీల్లో ఏ గుంపులో పేరు పడిందన్నదాన్ని బట్టే, చేరినా చేరకపోయినా. ఈ ఒక్క విషయం పిల్లల చేత ఒప్పించడానికి ఒక పూర్తి క్లాసు పడుతుంది. పడినా పర్వాలేదు.

పన్నెండు నిమిషాల మహారాజు

లెక్క తీసే పని చిన్నదేమీ కాదు. దాన్ని సాఫ్ట్‌వేర్ పాఠంగా నేర్పడం దగ్గరే చిక్కు. దీనికి నేను వాడేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ వాళ్ల డేటా భాండాగారంలో ఉన్న 'ఆన్‌లైన్ రిటైల్' ఫైలు. బ్రిటన్‌లో కానుకల వస్తువులు అమ్మే ఒక ఆన్‌లైన్ వ్యాపారం బిల్లులు అవి, 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 దాకా, 5,41,909 వరుసలు. అందులో 1,35,080 వరుసలకు కస్టమర్ నంబరే లేదు, అంటే సుమారు పావు వంతు. వస్తువుల మధ్యలో పోస్టేజీ, బ్యాంకు చార్జీలు కూడా వస్తువుల్లా కూర్చుని ఉంటాయి. నిజమైన వ్యాపారపు డేటా ఇలాగే ఉంటుంది.

అత్యంత విలువైన పది మంది కస్టమర్లను తేల్చమని పని ఇస్తాను. క్యాన్సిల్ అయిన బిల్లులు 'సీ' అక్షరంతో మొదలవుతాయి, వాటిలో సంఖ్యలు మైనస్‌లో ఉంటాయి. పిల్లలు చేసే మొదటి పని ఆ మైనస్ వరుసలన్నీ తుడిచేయడం. డేటా శుభ్రమైందనుకుంటారు. అప్పుడు జాబితా పైభాగంలో 16446 నంబరు కస్టమర్ కనబడతాడు, 1,68,000 పౌండ్ల పైచిలుకు కొనుగోలుతో. "ఇతనికి ప్రత్యేక బహుమతి పంపాలి, ఇతన్ని వదులుకోకూడదు" అని సిఫార్సులు కూడా రాసుకొస్తారు.

ఆ కస్టమర్ బిల్లులు ఒక్కొక్కటీ తెరిచి చదవమంటాను. 2011 డిసెంబరు 9, ఉదయం 9:15. చిన్న పిట్ట బొమ్మ ఉన్న ఒక కాగితపు కళ వస్తువు, 80,995 కావాలని ఆర్డరు. 9:27కి అదే వస్తువు, అదే సంఖ్య, మైనస్‌లో. పన్నెండు నిమిషాల్లో ఆర్డరూ పోయింది, లక్షా అరవై ఎనిమిది వేల పౌండ్లూ పోయాయి. క్యాన్సిల్ వరుసను తుడిచి, అసలు ఆర్డరును అలాగే ఉంచేసరికి అతను కంపెనీకే అతి పెద్ద ఖాతాదారుల్లో ఒకడయ్యాడు. అదే ఫైలులో 12346 నంబరుదీ ఇదే కథ: 74,215 జాడీలకు ఆర్డరు పెట్టి పదహారు నిమిషాల్లో రద్దు.

మొదటిసారి ఇది బయటపడ్డప్పుడు పిల్లలు కాస్త బిత్తరపోతారు. తర్వాత ఏ డేటా ఇచ్చినా ముందు పైనుంచి ఇరవై వరుసలు, అతి పెద్దవి ఇరవై, అతి చిన్నవి ఇరవై కళ్లతో చదవడం అలవాటవుతుంది. ఏ వర్క్‌షాపు సర్టిఫికెట్టూ ఈ అలవాటు ఇవ్వదు. ఆర్ఎఫ్ఎం లెక్క, అంటే కస్టమర్ ఎంత ఇటీవల వచ్చాడు, ఎన్నిసార్లు వచ్చాడు, ఎంత ఖర్చుపెట్టాడు అని మూడు మార్కులు వేసే పద్ధతి, ఎక్సెల్‌లో గంటలో నేర్పొచ్చు. ఆ మార్కులు ఎవరికి పడుతున్నాయో తొంగిచూసే బుద్ధి రావడానికి సెమిస్టరు పడుతుంది.

తన పేరు తానే కొనుక్కున్న కంపెనీ

డిజిటల్ ప్రకటనల రిపోర్టులు "ఈ క్లిక్కు వల్ల ఇంత అమ్మకం" అని రూపాయలతో సహా చూపిస్తాయి కాబట్టి పిల్లలు వాటిని ఎక్కువ నమ్ముతారు. వాళ్లకు నేను ఈబే అనే అమెరికన్ ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ సంగతి చెబుతాను. గూగుల్లాంటి సెర్చ్ ఇంజన్లలో ఎవరైనా 'ఈబే' అని వెతికితే పైన తన ప్రకటన రావడానికి ఆ కంపెనీ డబ్బు కట్టేది. 2012లో థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ అనే ఆర్థికవేత్తలు అక్కడ కొన్ని చోట్ల ఆ ప్రకటనలు ఆపి చూశారు. తగ్గాల్సిన క్లిక్కుల్లో 99.5 శాతం, కిందనే ఉచితంగా కనిపించే మామూలు లింకు ద్వారా వచ్చేశాయి. ఈబే పేరు టైపు చేసినవాడు ఈబేకే వెళ్తున్నాడు కదా మరి! మామూలు వస్తువుల పేర్లతో వచ్చే ప్రకటనలనూ అమెరికాలో చీటీలతో ఎంచిన కొన్ని ప్రాంతాల్లో ఆపి చూశారు. కొత్తవాళ్ల మీద, ఎప్పుడో ఒకసారి కొనేవాళ్ల మీద కొంత ప్రభావం కనబడింది. కానీ ఖర్చులో ఎక్కువ భాగం, ఎలాగూ వచ్చే పాత కస్టమర్ల క్లిక్కులకే పోతోంది. 2015లో 'ఎకనోమెట్రికా' పత్రికలో అచ్చయిన ఈ పరిశోధనను మా పిల్లలు సగం పేజీలో సొంత మాటల్లో రాయాలి. క్లిక్కును లెక్కపెట్టడం వేరు, క్లిక్కు వల్ల కలిగిన మార్పును లెక్కపెట్టడం వేరు అని ఇంత తేటగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

డబ్బు నిర్ణయం గురించి ఒక్క మాట, ఎందుకంటే బీకాం నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ మిగతావాళ్లకు గురువులవుతారు. ప్రకటనకు లక్ష పెడితే నాలుగు లక్షల అమ్మకం వచ్చిందంటే బీటెక్ నుంచి వచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు. బీకాం అమ్మాయి మార్జిన్ ఎంత అని అడుగుతుంది. ఇరవై శాతమైతే నాలుగు లక్షల మీద మిగిలేది ఎనభై వేలు, పెట్టింది లక్ష. ఇరవై వేలు నష్టం. ఆ నాలుగు లక్షల్లో ఎలాగూ వచ్చే అమ్మకం తీసేస్తే నష్టం ఇంకా పెద్దది. మార్జిన్ ఇరవై శాతం ఉన్న వ్యాపారంలో రూపాయికి ఐదు రూపాయల కొత్త అమ్మకం వస్తేనే ప్రకటన గిట్టుబాటు. మన క్లాసుల్లో ఈ రెండు రకాల పిల్లల్నీ ఒకే ప్రాజెక్టు గ్రూపులో కూర్చోబెట్టడం వల్ల కలిగే లాభాన్ని కాలేజీలు ఇంకా పూర్తిగా గుర్తించలేదని నా అభిప్రాయం.

పనిముట్ల మాట

ఎక్సెల్ చాలు, మొదటి రెండు నెలలు. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు గూగుల్ షీట్స్ ఉచితం. ఐదు లక్షల వరుసల ఫైలు తెరిచేసరికి ఎక్సెల్ బరువెక్కి నత్తనడక నడుస్తుంది, అప్పుడు ఎస్‌క్యూఎల్, అంటే పెద్ద డేటాలోంచి కావలసింది అడిగి తెచ్చుకునే భాష, ఎందుకో వాళ్లకే తెలుస్తుంది, అప్పుడు నేర్పితే వారంలో వస్తుంది. గూగుల్ అనలిటిక్స్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పడానికి ఒకప్పుడు నేను చాలా క్లాసులు ఖర్చుపెట్టాను. 2023 జూలై 1న ఆ పాత వెర్షన్ డేటా తీసుకోవడం ఆపేసింది, దాని స్థానంలో వచ్చిన జీఏ4లో బటన్లే కాదు లెక్కపెట్టే పద్ధతే మారిపోయింది. ఇక ఇప్పుడు చాట్‌జీపీటీలాంటివి అడిగిన కోడు అడిగినట్టు రాసిపెడుతున్నాయి. వాడుకోమంటాను, దాచుకోవద్దంటాను. కానీ క్యాన్సిల్ వరుసలు తుడిచేయమని మనం చెబితే అవి కూడా తుడిచేసి ఇస్తాయి. ఆ 9:15 ఆర్డరు సంగతి అడిగే మనిషి ఒకరు ఉండాలి.

షాపు ఓనరుగారికి తెలుగులో

నా కోర్సులో చివరి ప్రజెంటేషన్ వినేది కాలేజీ ప్యానెల్ కాదు, ప్రాజెక్టు చేసిన షాపు యజమాని. అదీ తెలుగులోనే చెప్పాలి. ఇంగ్లీషు మీద చిన్నచూపుతో పెట్టిన నియమం కాదిది. 'కస్టమర్ ఎంగేజ్‌మెంట్ సిగ్నిఫికెంట్‌గా ఇంప్రూవ్ అయింది' అనే వాక్యం వెనక అర్థం కాని విషయాన్ని ఎంతైనా దాచేయొచ్చు. 'మెసేజ్ అందుకున్నవాళ్లలో వందకు ఏడుగురు కొన్నారు, అందనివాళ్లలో వందకు ఐదుగురు, ఈ తేడాను ఇంకా నమ్మలేం' అని చెప్పాలంటే విషయం తెలిసి ఉండాలి.

ఒకసారి మా గ్రూపు ఒక చీరల షాపుకు వెళ్లింది. గ్రూపులోని ఒక అమ్మాయి సగం మందికే మెసేజ్ పంపుతామనేసరికి ఓనరుగారికి మింగుడుపడలేదు.

"మిగతా సగం మందిని ఎందుకు వదిలేయాలమ్మా? చేతిలో ఉన్న బేరం పోగొట్టుకోమంటావా?"

"వారమే సార్. తర్వాత వాళ్లకూ పంపుదాం. అందరికీ పంపేస్తే, మెసేజ్ వల్ల వచ్చారో మామూలుగా వచ్చారో ఎప్పటికీ తెలీదు కదా. మెసేజ్‌ల పనికి మీరు నెలనెలా డబ్బు కడుతున్నారు సార్, అది పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికే."

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, పాత ఖాతావాళ్లను మాత్రం వదిలెయ్, వాళ్లు నొచ్చుకుంటారు" అన్నారు. ఆ అమ్మాయి పాత ఖాతావాళ్లను రెండు గుంపుల్లోంచీ తీసేసి, మిగిలినవాళ్ల మధ్యే చీటీలు తీసింది. ఆ పని చేయమని నేను చెప్పలేదు. వాళ్లను ఒక్క గుంపులోంచే తీసేసి ఉంటే పోలిక మొత్తం చెడిపోయేది.

షాపు డేటా తెచ్చేటప్పుడు నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటుంది. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పిల్లల ల్యాప్‌టాపుల్లోకి రాకూడదు. షాపులోనే వాటి స్థానంలో వరుస సంఖ్యలు వేసి, ఆ ఫైలే బయటికి తేవాలి. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది, అది ఒక కారణం. చట్టం లేకపోయినా, తాను చీర కొన్న సంగతి కాలేజీ హాస్టల్లో ఎవరి ఫోన్లోనో తిరగడం ఏ ఆడపడుచుకు ఇష్టముంటుంది? రేపు ఈ పిల్లలే లక్షల మంది డేటా ముందు కూర్చుంటారు. ఆ జాగ్రత్త ఇక్కడే అలవాటు కావాలి.

ప్రశ్నపత్రం

"ఆర్ఎఫ్ఎం గురించి వివరించండి, పది మార్కులు" అని అడిగితే పిల్లలు వివరిస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, మర్చిపోతారు. ఎలా అడుగుతామో అలాగే చదువుతారు కాబట్టి, క్లాసు ఎంత మార్చినా పరీక్ష మార్చకపోతే లాభం లేదు. నేను కాలేజీ ఇంటర్నల్స్‌లో ఒక చిన్న పట్టిక ఇచ్చి, ఒక పేజీ సలహా రాయమంటాను. సలహాకు సగం మార్కులు. సలహా ఇచ్చే ముందు యజమానిని ఏమేం అడగాలో రాసినదానికి మిగతా సగం.

ఒక ఏడాది ఇచ్చిన పట్టిక ఇది, అంకెలు నేను వేసినవే. కోస్తాలో ఒక చీరల షాపు. 2022 ఆగస్టు అమ్మకాలు ఇన్ని, 2023 ఆగస్టు అమ్మకాలు వాటికంటే బాగా తక్కువ. 2023 ఆగస్టులో ఓనరు మొదటిసారి ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు డబ్బు పెట్టారు. ప్రకటనలు ఆపేయాలా? చాలామంది ఆపేయమన్నారు. కొందరు ప్రకటన ఎవరికి చూపించారో, ఎదురుగా కొత్త షాపు వచ్చిందేమో, ధరలు పెరిగాయేమో అడగాలన్నారు, మంచి ప్రశ్నలే. ఎక్సెల్‌లో ఎప్పుడూ వెనకబడే ఒక అమ్మాయి మొదటి వాక్యం ఇలా రాసింది: "2023లో అధిక శ్రావణం వచ్చింది."

పంచాంగం తీసి చూస్తే, 2022లో శ్రావణం జూలై 29 నుంచి ఆగస్టు 27 వరకు, ఆగస్టులో 27 రోజులు శ్రావణమే. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక మాసం, పెళ్లిళ్లు లేవు, వ్రతాలు లేవు. నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలై సెప్టెంబరు 15 దాకా సాగింది, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న వచ్చింది. చీరల బేరం సగం సెప్టెంబరులోకి జరిగిపోయిన ఏడాది అది. ఆగస్టును ఆగస్టుతో పోలిస్తే ప్రకటన గురించి ఏమీ తెలియదు. ఆ అమ్మాయి జవాబు రెండో పేరాలో, రెండేళ్లలోనూ శ్రావణం మొదలైన రోజు నుంచి ముప్ఫై రోజుల అమ్మకాలు తీసి ఇవ్వమని, అప్పటిదాకా ప్రకటనలు ఆపొద్దని, పెంచొద్దని ఓనరుగారిని కోరింది.